ఆ తప్పుకు వకీలు మా లెక్కల టీచర్

పోయిన నెల ఒక పొద్దున, నేను పనిచేసే ల్యాబ్‌లో పరీక్షకు రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు వరుసగా కూర్చుని ఉండగా, నాతోపాటు బడిలో చదివిన అనిత నుంచి మెసేజ్ వచ్చింది. రెండే మాటలు: "టీచర్ పోయింది."

నేను ఒక చేత్తో దూది పట్టుకుని, ఇంకో చేత్తో జవాబు కొట్టాను: "ఏడికి? దవాఖానకా?"

జవాబుకు బదులు ఫోన్ మోగింది.

"ఏడికి ఏందే?" అంది అనిత. "పానం పోయిందే. పొద్దుగాల నమాజు టైముకు. నేను డ్యూటీ దిగి పోతాన్న. నువ్వు వస్తవా?"

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా నా బుర్ర ఆ మొదటి అర్థం దగ్గరే ఆగిపోయి ఉంది. మా లెక్కల టీచర్ మూడు నెలలుగా వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతున్నారు. అందుకని పోవడమంటే దవాఖానకు పోవడం, సాయంత్రానికి తిరిగి రావడం అని అలవాటు పడిపోయాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "ఏమైంది బిడ్డా, గుచ్చుతవా లేదా?" అంటూ చేయి చాపాడు. గుచ్చాను. గొట్టం మీద పేరు రాయడానికి ఆయన పేరు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని అప్పటి నుంచీ కూర్చుంటున్నాను. మీలో చాలామందికి ఆమె తెలియదు. పేపర్లో ఫొటో పడిన మనిషి కాదు. వర్ధన్నపేట దగ్గర మా ఊరి బడిలో ఏళ్లకేళ్లు లెక్కలు చెప్పారు, రిటైరయ్యారు, కరీమాబాద్‌లో చెల్లెలితో కలిసి ఉన్నారు, పోయారు. కానీ ఆమె విషయంలో ఒక సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. రాస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను.

ఆమె రోజూ వరంగల్ నుంచి బస్సులో వచ్చేవారు. బురఖా తీసి స్టాఫ్‌రూమ్ తలుపు వెనక మేకుకు తగిలించి, సుద్దముక్కకు కాగితం చుట్టుకుని క్లాసులోకి వచ్చేవారు. సుద్ద తగిలితే వేళ్లు పగులుతాయని ఆ కాగితం. మధ్యాహ్నం మాతోపాటే వరండాలో కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచేవారు. మేడారం జాతర వచ్చిందంటే క్లాసులో సగం బెంచీలు ఖాళీ. ఆ వారం కొత్త పాఠం మొదలుపెట్టేవారు కాదు. "వాళ్లు వచ్చినంక మళ్ల చెప్పుడేనాయె," అని ఉన్నవాళ్లతో పాత లెక్కలు చేయించేవారు. పోయినవాళ్లు తిరిగొచ్చి అమ్మవార్ల బంగారం అని బెల్లం ప్రసాదం ముక్క పెడితే, కొంగు తల మీదికి లాక్కుని చేయి చాపేవారు.

బోర్డును నిలువునా ఒక గీతతో రెండు చేయడం ఆమె అలవాటు. కుడివైపు లెక్క. ఎడమవైపు మా తప్పు జవాబులు. ఎవరు తప్పు చెప్పినా దాన్ని ఎడమవైపు రాసి, వెనక్కి తిరిగి, "ఈ జవాబుకు వకీలు ఎవరు?" అని అడిగేవారు. చెప్పినవాళ్లే లేచి తమ జవాబు తరఫున వాదించాలి. ఎందుకలా అనుకున్నారో చెప్పాలి. అంతా విని, "మంచిది, కూసో," అనేవారు. గెలిచామో ఓడామో వెంటనే చెప్పేవారు కాదు. మిగతా సార్ల దగ్గర తప్పంటే తప్పు, అరచేతి మీద బెత్తం. ఈమె దగ్గర తప్పు చెప్పి, వాదించి, అది ఒప్పయిందేమో అనుకుంటూ ఇంటికి పోయిన రోజులున్నాయి. మా బాపు ఒకసారి, "ఇయ్యాల ఏం నేర్చుకున్నవ్?" అని అడిగితే, "తెల్వదు బాపూ, వాదించిన," అన్నాను.

ఆరో తరగతిలో దశాంశాలు మొదలయ్యాయి. అంతదాకా నాకు లెక్కలంటే భయం లేదు. ఒకట్లు, పదులు, వందలు. ఎడమకు పోయేకొద్దీ పదింతలు. ఎన్ని అంకెలుంటే అంత పెద్ద సంఖ్య. చుక్క వచ్చి అదంతా తలకిందులు చేసింది. చుక్క తర్వాత అంకెలు పెరిగినా సంఖ్య పెరగకపోవచ్చునట. చివర సున్నా పెడితే పదింతలు కావాల్సింది, ఏమీ కాదట. 0.5, 0.50 రెండూ ఒకటేనట. "మరి ఎందుకు పెట్టాలె టీచర్?" అని అడిగితే, "పెట్టకున్నా నడుస్తది," అన్నారు. పెట్టాలా వద్దా అన్నది నాకు తేలలేదు. ఒకరోజు పెద్ద బెల్లం ముక్క తెచ్చి, పది సమాన భాగాలు చేసి చూపిస్తానని కొట్టారు. ఒకటి పెద్దదైంది, ఒకటి పొడైంది. "సమానం అయినయనుకోండ్రి," అన్నారు. అనుకున్నాం, తిన్నాం.

ఇంకో రోజు నేను లేచి నిలబడ్డాను. "టీచర్, చుక్కకు ఎడమ పక్క ఒకట్లు, పదులు, వందలు. కుడి పక్క పదోవంతులు, వందోవంతులు. మరి ఒకటోవంతులు ఏడున్నయి?"

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, బోర్డు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. "గిది నన్ను ఎవ్వరూ అడగలే బిడ్డా. రేపు చెప్త," అన్నారు. టీచరుకు తెలియనిది కూడా ఉంటుందా అని నాకు ఆ రోజు అన్నం సరిగా ఎక్కలేదు.

మర్నాడు బస్సు దిగి, బురఖా కూడా తీయకుండా నేరుగా మా క్లాసు దగ్గరికి వచ్చారు. "దొరికిందే! రెండు పక్కలు ఒకటే తీరుండాలెనని నువ్వు అద్దం చుక్క దగ్గర పెట్టినవ్. అద్దం ఒకట్ల దగ్గరున్నది. ఒకట్లు నడుమ. ఈ పక్క పదులు, ఆ పక్క పదోవంతులు. ఈ పక్క వందలు, ఆ పక్క వందోవంతులు. చుక్క ఏ పనీ చెయ్యదు. ఒకట్ల ఇల్లు ఇదీ అని చూపిస్తది, గంతే."

"అర్థమయ్యింది టీచర్," అన్నాను. కాలేదు. ఆమె నా మొహంలోకి చూశారు. "కాకుంటే కాలేదను. అయ్యిందంటే నాకు పని లేకుంట చేసినట్టే."

ఏడో తరగతిలో జరిగిన సంగతి చెప్పకపోతే ఆమె ఎవరో మీకు తెలియదు.

మండల ఆటల పోటీలకు లాంగ్‌జంప్‌లో మా బడి నుంచి ఒక ఆడపిల్లను పంపాలి. నలుగురం దూకాం. నేను, అనిత, ఇంకో ఇద్దరు. ఒకరు దూకాక పీఈటీ సార్ టేపు పెట్టి కొలిచేవారు, ఇసుక మళ్లీ చదును చేసేవాళ్లం, ఆ తర్వాత ఇంకొకరు. నా చేతిరాత బాగుంటుందని కాగితం నాకిచ్చారు. సార్ కేక పెడితే నేను రాయాలి. నాది "మూడు పాయింట్ ఇరవై ఎనిమిది". అనితది "మూడు పాయింట్ నాలుగు". మిగతా ఇద్దరివీ 3.15, 3.09. అంతలో సార్‌ను ఎవరో పిలిచారు. పోతూ పోతూ, "ఎక్కువ దూకినోళ్లను పైన పెట్టి వరుసగా రాసి, పెద్దసారు బల్ల మీద పెట్టు," అన్నారు.

రాశాను. ఇరవై ఎనిమిది, పదిహేను, తొమ్మిది, నాలుగు. నా పేరు మొదట, అనిత పేరు చివర. రాస్తున్నప్పుడు నా మనసులో వేరే ఏమీ లేదు. నా పేరు మొదట వచ్చినందుకు నేనే ఆశ్చర్యపోయి, ఇంటికి పరుగెత్తి మా అమ్మకు చెప్పాను.

మర్నాడు ప్రార్థన అయ్యాక పెద్దసారు నా పేరు చదివారు. వెనక వరుసలోంచి అనిత, "సార్, నేను ఎక్కువ దూకిన," అంది. పీఈటీ సార్ కాగితం తీసుకుని చూసి, నా వైపు తిరిగారు.

"ఏందే ఇది? నీ పేరు నువ్వే పైకి ఎక్కించుకున్నవా?"

ఆయన ఏమంటున్నారో నాకు అర్థం కాలేదు. అప్పట్లో మా బాపు బడి కమిటీ చైర్మన్. అనిత వాళ్లమ్మ మా చేన్లో పత్తి ఏరడానికి వచ్చే మనిషి. ఈ రెండు సంగతులకూ ఆ కాగితానికీ సంబంధమేమిటో నాకు తెలియలేదు గానీ, అక్కడున్న పెద్దవాళ్లందరికీ ఒక్కసారిగా తెలిసిపోయింది. అనిత ఏడుస్తూ పోయి వాళ్లమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఆమె చేనుకు పోయే మనిషి, దారిలోంచే వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని పెద్దసారు గది ముందు నిలబడింది. అరవలేదు.

"కూలోల్ల పిల్లయితే దూకింది గూడ తక్కువైతదా సారూ?" అని అడిగింది.

"నేను మోసం చెయ్యలే," అన్నాను నేను. నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. అందరూ అంత నమ్మకంగా చూస్తుంటే, చేశానేమో, నాకు తెలియకుండానే చేశానేమో అనిపించడం మొదలైంది.

టీచర్ బస్సు దిగి వచ్చింది అప్పుడే. గుంపును చూసి, సంగతి విని, కాగితం అడిగి తీసుకున్నారు. పై నుంచి కిందికి ఒకసారి చదివారు. నన్ను దగ్గరికి పిలిచారు.

"వీటిల అన్నిటికన్న చిన్నది ఏది?"

"మూడు పాయింట్ నాలుగు."

"ఎందుకు?"

"నాలుగే కద టీచర్. తొమ్మిది కన్న చిన్నది."

ఆమె పెద్దసారు వైపు తిరిగారు. "సార్, మోసం చేసే పిల్ల ఏం చేస్తది? తన పేరు ఒక్కటి పైకి జరుపుకుంటది. అనితను రెండో నంబరుల ఉంచుతది. ఈ పిల్ల అనితను అందరికన్న కిందికి దించింది. మొత్తం వరుస తప్పు రాసింది. మొదటి నుంచి ఆఖరు దాక ఒకటే తీరు తప్పు. అబద్ధమాడేటోళ్లు ఇంత పద్ధతిగ తప్పు రాయరు. దీని తప్పుకు నేను వకీలు."

అక్కడితో ఆగలేదు. అనిత వాళ్లమ్మ దగ్గరికి నడిచారు. "అక్కా, నీ బిడ్డే ఎక్కువ దూకింది. పోటీకి పోయేది నీ బిడ్డనే, ఫికర్ చెయ్యకు. తప్పు ఈ పిల్ల చేతుల అయ్యింది గాని, నేర్పింది నేను. ఏడాది సంది క్లాసుల 'పాయింట్ ఇరవై ఎనిమిది' అని నేనే చదివిన. ఇరవై ఎనిమిది అని చెవుల పడ్డంక, నాలుగు కన్న పెద్దదే అనుకుంటది కద పిల్ల. నన్ను మాఫ్ చెయ్యి."

ఒక టీచర్ కూలి మనిషి ముందు చేతులు జోడించడం నేను అంతకుముందు చూడలేదు. అనిత వాళ్లమ్మ కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసింది. "అయ్యో, మీరెందుకు టీచరమ్మా," అంది. ఈ చుక్కల గొడవ ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. తన బిడ్డ పోతుందన్నది మాత్రం అర్థమైంది.

ఆ రోజు నుంచి టీచర్ "మూడు పాయింట్ రెండు ఎనిమిది" అని అంకె అంకె విడదీసి చదివేవారు. మాతోనే కాదు, పీఈటీ సార్‌తోనూ చివరికి పెద్దసారుతోనూ అలాగే చదివించారు. పెద్దసారు ఒకసారి మరిచిపోయి వర్షపాతం "రెండు పాయింట్ పదిహేను" అంటే, స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి, "ఒకటి ఐదు, సార్!" అని కేక వినిపించింది.

గొడవ జరిగిన రోజు సాయంత్రం నన్నూ అనితనూ ఇసుక గుంత దగ్గరికి తీసుకుపోయారు. టేపు పరిచి, మూడు మీటర్ల దగ్గర నా చెప్పు పెట్టించారు. "ఇక్కడి నుంచి పది పది సెంటీమీటర్లు దాటుకుంట పో. ఒక్కోటి ఒక పదోవంతు. అనితకు అట్లాంటియి నాలుగు. నీకు రెండు. పైన నీకున్న ఎనిమిది చిన్నయి, వందోవంతులు. పది కూడితే గాని ఒక పదోవంతు కాదు." నేను వేలు పెట్టి ఒకసారి 3.28 దగ్గర, ఒకసారి 3.40 దగ్గర చూశాను. అరజానెడు తేడా. ఆ అరజానెడు కోసం పొద్దున నేను దొంగనయ్యాను. అనిత నాతో మాట్లాడలేదు. టేపు చుట్టి టీచర్ చేతికిచ్చి వెళ్లిపోయింది.

మండల పోటీకి టీచర్ నన్ను కూడా వెంట తీసుకుపోయారు. అది శిక్షో బహుమానమో నాకు తెలియలేదు. అనిత రెండో స్థానంలో వచ్చింది. జిల్లా పోటీకి మొదటి పిల్లనే పంపుతారు కాబట్టి అక్కడితో ఆగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముగ్గురి సీటులో నడుమ ఆమె, కిటికీ పక్కన అనిత, ఇటు నేను. సంచిలోంచి బిస్కెట్ పాకెట్ తీసి ఇద్దరికీ సగం సగం పెట్టి, "నేను జర కన్ను మూస్త," అని వెనక్కి వాలారు. నిజంగా నిద్రపోయారో లేదో. కొంతదూరం పోయాక అనిత ఆమె మీదుగా వంగి, నా చెవి దగ్గర అడిగింది.

"నీకు నిజంగనే తెల్వదా?"

"నిజంగనే తెల్వదు."

"గింత మొద్దువా?" అంది అనిత, నోట్లో బిస్కెట్‌తో. ఆ మాటతో మేం స్నేహితులమయ్యాం. ఇప్పుడు తను బస్సు కండక్టర్. ఇద్దరు పిల్లల తల్లి. నన్ను ఇప్పటికీ మొద్దు అనే పిలుస్తుంది.

దశాంశాలు నాకు సరిగ్గా ఎప్పుడు అర్థమయ్యాయో చెప్పలేను. ఒకరోజు చూసుకుంటే అయిపోయి ఉన్నాయి. ఇంటర్ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను. ఇప్పుడు హనుమకొండలో రోజంతా చుక్కలున్న అంకెలే రిపోర్టుల్లో కొడుతుంటాను. ప్రతి చుక్క దగ్గరా ఒక్క క్షణం ఆగుతాను. తోటివాళ్లకు నేను నిదానం మనిషిని.

ఏడాదిన్నర కిందట టీచర్ ఆ ల్యాబ్‌కు వచ్చారు, చెల్లెలి చేయి పట్టుకుని. కాళ్లు వాచి ఉన్నాయి. నేను లేచి నమస్కారం పెడితే, కాసేపు చూసి, "నువ్వు ఒకటోవంతుల పిల్లవు కదా?" అన్నారు. వేల మంది పిల్లల్లో నన్ను ఒక ప్రశ్నతో గుర్తుపెట్టుకున్నారు. అప్పటి నుంచి నెలకోసారి వచ్చేవారు. కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష. ఆ అంకె ఎంత తక్కువుంటే అంత మంచిది.

ఒక నెల 4.12 వచ్చింది. తర్వాతి నెల 4.9.

రిపోర్టు నేనే చేతికిచ్చాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, సంచిలోంచి పాత కాగితం తీసి పక్కన పెట్టుకుని చూశారు. "తగ్గింది కద బిడ్డా?" అన్నారు. "పన్నెండుండె. తొమ్మిదికి వచ్చింది."

పక్కనున్న చెల్లెలి మొహం వెలిగింది. "తగ్గిందా ఆపా? అల్హమ్దులిల్లా!"

నేను టీచర్ మొహంలోకి చూశాను. నవ్వడం లేదు. కళ్లలో కొంటెతనం లేదు. మా అందరి నాలుకల మీంచి ఆ తప్పును ఒక్కొక్కటిగా ఏరేసిన మనిషి అదే తప్పు చెబుతున్నారు. కిడ్నీలు వడకట్టలేని మలినం రక్తంలో పెరిగితే మనసు మసకబారుతుందని నాకు తెలుసు. మరిచిపోయారా? లేక చెల్లెలు భయపడకూడదని కావాలనే అన్నారా? లేక నేను ఏమంటానో చూస్తున్నారా? మూడూ నిజమే అనిపించాయి. నేను "అవును టీచర్" అంటే సరిపోయేది. కానీ నేను అబద్ధం చెప్పడం లేదని ఊరంతటి ముందు చెప్పిన మనిషి ఆమె. ఆమెతో అబద్ధం ఎలా చెప్పను?

"నాలుగు పాయింట్ ఒకటి రెండు ఉండె టీచర్," అన్నాను. "ఇప్పుడు నాలుగు పాయింట్ తొమ్మిది. పెరిగింది."

"ఎట్ల?" అన్నారు.

క్లాసులో అడిగే "ఎట్ల" లాగే ఉంది. నిజంగా తెలియనివాళ్లు అడిగే "ఎట్ల" లాగా కూడా ఉంది. నేను రిపోర్టు కవరు వెనక ఒక గీత గీశాను. ఈ చివర నాలుగు, ఆ చివర ఐదు, నడుమ పది గడులు. మొదటి గడి దాటాక కాస్త దూరంలో ఒక చుక్క పెట్టాను. ఐదుకు ఒక్క గడి ముందు ఇంకోటి. ఆమె వేలు ఆ గీత మీద మెల్లగా జరుగుతూ పోయింది. రెండో చుక్క దగ్గర ఆగింది.

"ఐదుకు దగ్గరికి వచ్చినన్నట్టు."

"అవును టీచర్."

"మంచిది," అన్నారు. కవరు మడిచి సంచిలో పెట్టుకున్నారు. "మంచిగ చెప్పినవ్. జర కూసో బిడ్డా, పొద్దట్నుంచి నిలబడే ఉన్నట్టున్నవ్."

తర్వాత డయాలసిస్ మొదలైంది. ఆమె మా ల్యాబ్‌కు రావడం ఆగింది. నేను రెండుసార్లు కరీమాబాద్ పోయి చూసి వచ్చాను. ఆ సంగతి అడుగుదామనుకున్నాను. రెండుసార్లూ ఆమె మగతలో ఉన్నారు.

ఆమె పోయిన రోజు నేను ఆ ఇంటికి చేరేసరికి అనిత డ్యూటీ దుస్తుల్లోనే లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. టీచర్‌కు స్నానం చేయించి, తెల్లబట్ట చుట్టి, మొహం మాత్రం కనిపించేలా ఉంచారు. గదంతా కర్పూరం, అత్తరు వాసన. చెల్లెలు నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడుపు కాస్త ఆగాక నేను ఉండబట్టలేక అడిగేశాను, ఆ రోజు ల్యాబ్‌లో టీచర్ నిజంగా తెలియకనే అలా అన్నారా అని.

"ఏం చెప్పాలె బిడ్డా," అందామె. "ఆఖరికి నన్నే అమ్మీ అని పిలిచింది. ఏం యాదికుండె, ఏం లేకుండె, నాకే తెలుస్తలేదు."

ఆమె అవతలికి పోయాక అనిత నా మోచేతిని పొడిచింది. "టీచర్‌కు తెల్వకుంటదానే మొద్దూ? నీతోని చెప్పించుకున్నది. నువ్వు జంకుతవా లేదా అని చూసింది."

"మరి చెల్లె ముందట ఎందుకు?"

"నాకేం తెల్సే," అంది అనిత.

ఇంత రాసినా నాకు తేలలేదు. కాకుంటే కాలేదనమన్నారు కాబట్టి అదే అంటున్నాను.

మధ్యాహ్నం నమాజుకు ముందు మగవాళ్లు జనాజా భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆడవాళ్లం గడప దగ్గరే ఆగిపోయాం. అడుగుల చప్పుడు గల్లీ మలుపు తిరిగి, వినిపించకుండా పోయేదాకా ఎవరూ కదల్లేదు. అంతలో నల్లా వచ్చింది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు, గంటసేపు ఉంటాయి. చుట్టుపక్కల ఆడవాళ్లు ఒక్కొక్కరే కళ్లు తుడుచుకుంటూ లేచి, బిందెల కోసం ఇళ్లకు పోయారు. టీచర్ చెల్లెలు కూడా లేచింది. ఎవరో వద్దంటున్నా వినకుండా ఒక బిందె తెచ్చి నల్లా కింద పెట్టింది. నిండగానే పక్కకు జరిపి ఇంకోటి పెట్టింది. మూడో బిందె చేతిలో పట్టుకుని మా వైపు తిరిగింది.

"ఇద్దరికి నాలుగు పడ్తుంటిమి," అంది. "ఇప్పుడు ఎన్ని పట్టాలె?"

ఆమె ఖాళీ బిందెను చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది. నల్లా కింద బిందె నిండిపోయి, నీళ్లు అంచు మీదుగా పొర్లి, గడప ముందు విడిచిన చెప్పుల మధ్య నుంచి గల్లీలోకి పారుతున్నాయి.